గడియ వేసిన ముందు గది

అక్కాచెల్లెళ్లతో వెళ్లి సముద్రం చూసొచ్చిన ఆవిడ, సంచీతో సహా ముందు గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. భర్త తలుపు తట్టాడు.

“ఏమైందే? రాగానే అలకా?”

“అలకా లేదు, గిలకా లేదు. గొంతు గరగరలాడుతోంది. బస్సులో పక్కావిడ దారి పొడవునా దగ్గుతూనే ఉంది.”

“ఆ మాత్రానికేనా? తలుపు తియ్యి.”

“ఆ మాత్రం దగ్గే పోయినేడు మిమ్మల్ని ఆక్సిజన్ దాకా తీసుకెళ్లింది. పరీక్ష చేయించుకునేదాకా దగ్గరికి రాకండి. కిటికీలు తెరిచిపెట్టండి. అన్నం గుమ్మం దగ్గర పెట్టి వెళ్లండి.”

“ఎన్నాళ్లయిందే నీ మొహం చూసి!”

ఆమె చెయ్యి గడియ మీదికి వెళ్లి, అక్కడే ఆగిపోయింది.

“నాకు మాత్రం బెంగ లేదూ?”

తలుపు అవతల కుర్చీ ఈడ్చిన చప్పుడు.

“దగ్గరికి రావద్దన్నానా!”

“అవతలి గోడ దగ్గరే వేసుకున్నాలే. గట్టిగా చెప్పు, సముద్రం ఎలా ఉంది?”