బుడగల చప్పుడు

హలో… ఆ, నేనే అక్కా. కొట్లోనే ఉన్నా… పర్లేదు చెప్పు, బేరాలేం లేవులే.

ఏంటది, బుడబుడమంటోంది?… ఓహో, అక్వేరియం పక్కనే నిలబడ్డావా. గాలి మోటారు బానే పనిచేస్తోందన్నమాట. నేనిచ్చిన సరుకు మరి…

తొట్టిలోకి బొమ్మ కోటా, పడవా?… పడవే పెట్టండి. కోటకి కిటికీలెక్కువ, పిల్ల చేపలు దూరి ఇరుక్కుంటాయి… బావకి కోటే కావాలా? అందులో కాపురం పెడతాడా ఏంటి?… సరే సరే, అనకులే ఆయనతో.

ఇప్పుడే పెట్టేస్తున్నాడా… రాళ్ళు కూడా మార్చాడా. నల్లవేనా?… మంచిది, చేపల రంగు తేలుతుంది.

మరి నీళ్ళు వెచ్చబెట్టే హీటరో?… అడ్డమొచ్చిందని తీసి తొట్టి అంచున పెట్టాడా… తీసేముందు స్విచ్చి కట్టేశాడా?…

నీకు తెలీదా. అడిగి చెప్పు. నేను లైన్లోనే ఉంటా…

కట్టలేదూ…

మళ్ళీ నీళ్ళలో వేసినప్పుడు చప్పుడేమన్నా అయిందా?… టక్కుమందా. రాయి తగిలిందనుకున్నారా…

రాయి కాదక్కా. బయట ఉంటే ఆ గాజు గొట్టం కాలిపోతూ ఉంటుంది. అలాగే నీళ్ళలో పడేస్తే పగులుతుంది. లోపలి కరెంటంతా నీళ్ళలోకే…

ఏంటీ? బావకి వేలు గీరుకుపోయినచోట జివ్వుమంటోందా?… గాయం మంటనుకుంటున్నాడా…

అక్కా, చేతులు బయటికి తియ్యమను. ముందు తియ్యమను… నవ్వుతున్నాడా. బావమరిదికి భయమెక్కువంటాడా. అననీ… కాళ్ళకి చెప్పులున్నాయా?… రబ్బరువా. అందుకే బతికి బట్టకట్టాడు.

తీశాడా… హమ్మయ్య. నా ప్రాణం పోయొచ్చింది తల్లీ.

ఇప్పుడు జాగ్రత్తగా విను. ఎవరూ నీళ్ళు ముట్టుకోకండి. లైటూ, మోటారూ, హీటరూ అన్నీ ఒక్క స్విచ్చికే ఉన్నాయి కదా. అది కట్టెయ్… ఆ, వెళ్ళు, ఫోను చేతిలోనే ఉంచుకో…

కట్టేశావా? తొట్టి లైటు ఆరిపోయిందా… ఆరిందిగా. సరే, ఇంక ఆ హీటరు తీసి అవతల పారెయ్యమను. సాయంత్రం కొత్తది నేనే పట్టుకొస్తా. పడవ కూడా తెస్తాలే, చూశాక బావే మనసు మార్చుకుంటాడు…

చెప్పులు విప్పేశాడా?… నేల తడిసి జారుతోందా. పర్లేదు, కరెంటు తీసేశాం కదా…

అక్కా.

ఆగు. ఒక్క క్షణం మాట్లాడకు…

ఆ బుడబుడ ఇంకా వినిపిస్తోందేంటి?

ఏది నొక్కావు నువ్వు?… లైటు తీగకున్న చిన్న బటనా… గోడ మీదది కాదా… బావని ఆపు. చెయ్యి పెట్టనివ్వకు—

అక్కా?… ఏమైంది?… పడిపోయాడా…

వద్దు, ఆయన్ని ముట్టుకోకు. ముందు గోడ మీది స్విచ్చి… అక్కా, నా మాట విను, ముట్టుకోకు—

అక్కా…

ఫోను కింద పడిందా?… బావా?…

మోటారు చప్పుడు తప్ప ఏం వినపడట్లేదక్కా… ఎవరన్నా పలకండి…