ముందు నుంచా, వెనక నుంచా

విశాఖలో ఓ ఆసుపత్రి వార్డు, సాయంత్రం. రేపు స్టెఫీకి వెన్నెముక ఆపరేషన్. పదిహేనేళ్ల ఆ పిల్ల మంచమ్మీద కూర్చుంది. స్టీల్‌ప్లాంటులో క్రేను నడిపే తండ్రి రత్నరాజు, సంతకం పెట్టని కాగితం పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"కూకో నాన్నా. సూత్తంటే నాకు తల తిరుగుతంది."

"కూకుంటాన్లే. డాక్టరుగారు రౌండుకొచ్చీలోపు సెప్పాలి. ముందు నుంచే అని సెప్పేత్తాను."

"వెనక నుంచి అన్నాను కదా."

"అన్నావు. ఎందుకో సెప్పలేదు."

"సెప్పాను."

"వెనక నుంచే బావుంటాదన్నావు. అదేటి సెప్పడం? ఆయన ఎక్సరే పట్టుకుని అంతసేపు సెప్పారు, విన్లేదా? వెనక నుంచైతే రెండు రాడ్లేసి, పన్నెండు పూసలు కలిపి బిగించేత్తారు. ఇంక ఆ నడుం వంగదు. ముందు నుంచైతే ఏడే, నడుం వంగుతాది. రెండు దారులూ పనికొత్తాయి, మీరే తేల్చుకోండన్నారు."

"ముందు నుంచంటే పక్కటెముక ఒకటి తీసి, ఊపిరితిత్తి పక్కకి జరిపి ఎల్తారంట. అది నువ్వు విన్లేదా?"

"విన్నాను. ఊపిరి కొంచెం తగ్గొచ్చన్నారు. మామూలు పనులకి తెలీనే తెలీదన్నారు. నువ్వేటి, పరుగు పందేలకెల్తావా?"

"నీళ్లియ్యి నాన్నా."

"ఇదిగో. స్టెఫీ, ఆ క్రిస్మస్‌కి స్టేజీ మీద డేన్సులో నువ్వలా ఎనక్కి వంగితే మా షిఫ్టోళ్లందరూ లేచి నిలబడ్డారు. ఆ వీడియో కేబిన్లో కూకుని ఎన్నిసార్లు సూసుంటానో. ఆ నడుం బిగించీమని నా సేత్తో సంతకం పెట్టమంటావా?"

"అది పాత వీడియో."

"పాతదేటి, రెండేళ్లు."

"అప్పుడు వంకర ఇరవై డిగ్రీలు. బెల్టు కట్టినా ఆగలేదు. ఇప్పుడు యాభై ఎనిమిది."

"అందుకే కదా సరిసేత్తన్నారు. మళ్లీ ఆడతావు."

"డేన్సు మానీసాను నాన్నా."

"ఆపరేషన్ కోసం మానీసావు, తరవాత..."

"కాదు. ఏడాదయింది."

"ఏడాదేటి? వారం వారం గాజువాకలో క్లాసు దగ్గర నానే కదా దింపుతన్నాను."

"దింపుతన్నావు. నువ్వు బండి తిప్పీదాకా మెట్ల మీద నిలబడి, పై అంతస్తుకి ఎల్లిపోతన్నాను."

"పైనేటుంది?"

"డ్రెస్సు ఒక పక్క ఎత్తుగా కనబడతందని మేడమ్ నన్ను ఎనక వరసలో నిలబెట్టీసేరు. ఆ రోజు ఏడుపొచ్చి మెట్లెక్కీసాను. పైన సూరన్న మాస్టారున్నారు."

"ఏ సూరన్న? పెళ్లి బేండు సూరన్నా?"

"ఆయనే. ఇప్పుడు పిల్లలకి నేర్పుతన్నారు."

"మీ అమ్మకి తెలుసా?"

"తెలుసు."

"మరి నాకెందుకు సెప్పలేదు?"

"నువ్వా వీడియో సూసుకుంటంటే ఎలా సెప్తాను? నాన్నా, కూకో."

"కూకున్నాను. సెప్పు."

"ట్రంపెట్ ఊదుతన్నాను. మొదట్లో గాలి తప్ప ఏటీ వచ్చీది కాదు. ఇప్పుడు ఒక్క ఊపిరి మీద పల్లవి మొత్తం లాగేత్తన్నాను. నడుం ఎంత బిగించుకున్నా పర్లేదని సెప్పు నాన్నా డాక్టరుగారికి. నా ఊపిరి మాత్రం ముట్టుకోవద్దను."