మా మమత స్తంభమెక్కిన రోజు

“పెద్దమ్మా, మిర్యాలగూడ రైస్ మిల్లుల బాయిలర్ కాడ పనికి రమ్మన్నరు. ఇంట్ల అందరు వద్దంటున్నరు. ఆడపిల్లల మనసుకు గంత నిబ్బరం ఉండదంట. నువ్వేమంటవ్?”

నన్నడుగుతున్నవా స్వప్నా. స్టూలెక్కి బల్బు పెట్టరాదు నాకు. సరే, కూసో. మా మమత సంగతి చెప్త.

మీ పెద్దనాయిన కల్లు గీయనీకె తాటిచెట్లెక్కేటోడు గదా. పెండ్లైన కొత్తల నేను సద్ది తీస్కోని చెట్ల కాడికి పోయేది. ఆయన ఎక్కుతుంటె నేల దిక్కే సూసేది. పైకి ఎన్నడు సూడలే. ఆయనకు తెలుసు గది. అందుకే పైకి చేరంగనే “ఎక్కిన్నే...” అని కేకేసేటోడు, జర రాగం తీసి. గప్పుడు ఊపిరి తీస్కునేదాన్ని. లొట్టెడు కల్లు గప్పుడు పది రూపాయలో, పన్నెండో... యాదికి లేదు. పోనీ.

ఒకనాడు కేక రాలే. ఆయనే వచ్చిండు కిందికి.

కాలు ఇరిగింది. పానం దక్కింది. దవాఖానకెళ్లి వచ్చినంక మోకు తీసి అటుక మీద పడేసిన. మోకంటె, నడుమును చెట్టును కలిపి కట్టుకునే తాడు. ఇగ మనింట్ల ఎవ్వరు ఎక్కేది లేదన్న.

గట్లాంటిది, నా బిడ్డ మమత కరెంటు లైన్ పనికి పెట్టుకున్నది. రాత పరీక్ష నెగ్గింది. స్తంభమెక్కి చూపిస్తేనే నౌకరి. మూడు దినాలు దానితోని మాట్లాడలే. అయినా మీ పెద్దనాయినతోని నేను గూడ సూర్యాపేటకు దాని వెంట పోయిన, ఇంట్ల కూసుంటె పానం పోయేటట్టున్నది.

గాడ హాలియా నుంచి ఒకాయన, కొడుకును తోలుకొచ్చిండు. మంచోడే. మాకు చాయ్ ఇప్పిచ్చిండు. చాయ్ తాగుకుంట చెప్పిండు, “ఆడోళ్ల మనసు వేరు చెల్లె. మొగోడు ముందు ఎక్కుతడు, తర్వాత ఆలోచిస్తడు. ఆడది ముందే ఆలోచిస్తది. కరెంటు పనికి గది కుదరదు.”

నేను “నిజమేనే అన్నా” అన్న. నా గుండె చూస్తె నిజమే గదా.

మీ పెద్దనాయిన ఊకోలే. “ముందు తీగ ముట్టుకుంటె, తర్వాత ఆలోచించనీకె మనిషుండాలె గదన్నా” అన్నడు. హాలియాయన ఒక్కటే నవ్వుడు, చాయ్ అంగీ మీద పోసుకున్నడు.

గప్పుడు మమత పేరు పిలిసిన్రు. అది సంచిలకెళ్లి మోకు తీసింది. మా మోకు. అటుక మీద ఉండాల్సింది. పరీక్ష పెట్టే సారు, “తాడు వద్దమ్మా, ఉత్త చేతులతోనే” అన్నడు. మమత మోకు తెచ్చి నా ఒళ్లె పెట్టింది. చెప్పులు ఇడిసింది. స్తంభాన్ని ముట్టుకోని కండ్లకద్దుకున్నది. తాటిచెట్టు ఎక్కేటోళ్లు చేసేది గది. ఎనకనుంచి ఎవడో, “అది కరెంటు స్తంభం అక్కా, కల్లు పారదు” అన్నడు. అందరు నవ్విన్రు. అది గూడ నవ్వింది.

నేను మోకు గట్టిగ పట్టుకోని కండ్లు మూసుకున్న.

ఎంతసేపో తెల్వదు. పైనుంచి వచ్చింది... “ఎక్కిన్నే అమ్మా...”

అదే కేక. అదే రాగం. ఇరవై ఏండ్ల కింది కేక.

కండ్లు తెరిచి పైకి సూసిన. పెండ్లైన కాన్నుంచి గదే మొదటిసారి పైకి సూసుడు. బిడ్డ చెయ్యూపుతున్నది.

పక్కకు సూస్తె మీ పెద్దనాయిన మొఖం ఎటో తిప్పిండు. కాలుకు మంచిదని డాక్టరు నడవమన్నడు గదా, రోజు పొద్దుగాల తండ్రీబిడ్డలిద్దరు పోయేటోళ్లు. నేనే లేపి, చాయ్ పోసి తోలిచ్చేదాన్ని. గప్పుడు సమజైంది, అది నడక గాదు, చెట్ల కాడ పాఠాలు. ఏడాది పొడుగూత. “డాక్టరు నిన్నే నడవమన్నడు గదా” అన్న. “నేను నడిసిననే, అది ఎక్కింది” అన్నడు.

హాలియాయన కొడుకు గూడ ఎక్కిండు, బాగనే ఎక్కిండు. అబద్ధమెందుకు.

వచ్చేటప్పుడు బస్సుల మమతను అడిగిన, భయం కాలేదా అని. “అయ్యిందమ్మా. నువ్వు కండ్లు మూసుకోని భయపడ్డవ్, నేను తెరిసి భయపడ్డ. గంతే” అన్నది. ఇప్పుడు కోదాడ దిక్కు డ్యూటీ. గాలివానొస్తె గా ఊళ్లల్ల ముసలమ్మలు దీన్నే అడుగుతరంట, “అమ్మాయ్, కరెంటు ఎప్పుడొచ్చిద్దే” అని. ఆడపిల్లా మొగపిల్లాడా అని ఎవ్వరడగరు. ఫ్యాను తిరిగితె చాలు.

మనసులు వేరేనా అంటె... ఉండొచ్చు బిడ్డా. నాకు తెల్వదు. మా ఒక్కింట్లనే మూడు గుండెలు మూడు తీర్లు.

నువ్వు పో. బాయిలర్ కాడ భయమైతె కానియ్యి. కండ్లు తెరిసుంచు. సల్లగుండు. మొదటి రోజు పనైనంక ఫోన్ల ఎక్కువేం చెప్పకు... “ఎక్కిన్నే పెద్దమ్మా” అను. నాకు సమజైతది.