పాత గీత మీదే

నగరం చివరి కాలనీ. టెన్నిస్ కోర్టు పక్కనున్న షెడ్డులో కూర్చుని, రిటైరైన సర్వేయరు కాలనీ నలభయ్యేళ్ళ పండక్కి వేస్తున్న సంచిక కోసం కోర్టు చరిత్ర చెబుతున్నాడు. కూతురు రాస్తోంది.

"...ఇటుకల బట్టీవాళ్ళు వదిలేసిన గుంట అది. వానొస్తే నడుంలోతు నీళ్ళు. రాశావా?"

"రాశాను నాన్నా."

"కాలనీ కాలనీ అంతా తట్టలు మోసి పూడ్చాం. మొదట కట్టిన నెట్టు చేపల వల. అదీ రాయి, నవ్వుకుంటారు. తర్వాత సిమెంటు పోయించాం. గీతలు గీసింది నేనూ, మీ మేస్త్రీ మామయ్యా. 'సర్వేయరు కొలిచిన కోర్టు' అని చుట్టుపక్కలంతా చెప్పుకునేవాళ్ళు. ఆ ముక్క పెద్దక్షరాల్లో రాయి."

"ఆ ముక్క రాయను."

"ఏం, ఎందుకు రాయవూ?"

"కొత్త పూత వెయ్యడానికి కాంట్రాక్టరు పొద్దున కొలిచాడు. నెట్టు నుంచి సర్వీస్ గీత ఇరవై ఒక్క అడుగులుండాలి. మనది ఇరవై రెండు. రెండు వైపులా."

"వాడి టేపు తప్పయ్యుంటుంది."

"మూడు టేపులతో కొలిపించాను."

"సెక్రటరీ ఏమన్నాడు?"

"గప్‌చుప్‌గా గీత మార్చేద్దాం, సంచికలో మాత్రం వద్దన్నాడు."

"మంచిమాట అన్నాడు. ఒక్క అడుగుకి ఇంత రాద్ధాంతమెందుకే?"

"ఒక్క అడుగా? నా బంతులన్నీ పడింది ఆ ఒక్క అడుగులోనే! పదహారేళ్ళప్పుడు, స్టేడియంలో జిల్లా జట్టు ఎంపిక రోజున. ఇక్కడ కళ్ళు మూసుకుని కొట్టినా లోపల పడే సర్వీసు, అక్కడ కొట్టిందల్లా గీత దాటి ఫాల్ట్. ఫాల్ట్. ఫాల్ట్. అంపైరు గొంతు ఇప్పటికీ చెవుల్లో ఉంది."

"ఇప్పుడవన్నీ ఎందుకు తవ్వుతావు?"

"తిరిగొస్తూ బస్సులో అందరి ముందూ ఏమన్నావు? 'చేతకానిదానా, నా పరువు తీశావు' అన్నావు. ఇంటికి రాగానే రాకెట్టు అటకెక్కించావు. పాతికేళ్ళు, నాన్నా! పాతికేళ్ళు నా చెయ్యే చెడ్డదనుకున్నాను. ఇవాళ పొద్దుటిదాకా ఈ గేటు లోపల అడుగు పెట్టలేదు."

"ఏదో కోపంలో అన్నాను."

"పోనీలే. తెలీక అన్నావు. అదొక్కటే నాకు ఊరట. అసలు తప్పెలా జరిగిందో అదైనా చెప్పు, రాద్దాం."

"ఏముందీ, ఆఫీసులో పారేసిన గుడ్డ టేపు తెచ్చాను. మొదటి అడుగు చిరిగిపోయింది దానికి. అందుకని ఒకటి కలుపుకోవాలి, ఇరవై ఒకటి కావాలంటే టేపు మీద ఇరవై రెండు చూడాలి. నేను కలిపే చెప్పాను. సర్వీస్ గీతల దగ్గర నేను మరిచిపోయానేమోనని మీ మామయ్య ఇంకొకటి కలిపాడు. ఇద్దరికీ జాగ్రత్త ఎక్కువైంది, అంతే."

"మామయ్య కలిపాడని నీకెవరు చెప్పారు?"

"ఎవరేమిటి, వాడే."

"మామయ్య పోయి ఇరవయ్యేళ్ళు."

"అదే... ఎప్పుడో... మాటల్లో..."

"ఎప్పుడో అంటే ఎప్పుడు? దాటెయ్యకు. రంగు వేసినప్పుడల్లా 'పాత గీత మీదే వెయ్యరా' అని పెయింటర్ నెత్తిన కూర్చునేవాడివి. అతను కొలుస్తానంటే టేపు లాక్కున్నావు, గేటు బయట్నించి చూశాను. నీకెప్పుడు తెలిసింది?"

"అరవకే. బయట జనం ఉన్నారు."

"విననీ! వాళ్ళ కోర్టు చరిత్రేగా! ఎప్పుడు?"

"నువ్వు ఓడి వచ్చిన... మర్నాడు. అనుమానమొచ్చి కొలిచాను. మీ మామయ్యని నిలదీస్తే అప్పుడు చెప్పాడు."

"మర్నాడా?"

"ఊఁ."

"మర్నాడే తెలుసా? తెలిసి కూడా ఆ రాకెట్టు అటక మీంచి దించలేదా? నేను గది తలుపు వేసుకుని ఏడుస్తుంటే వింటూ కూర్చున్నావా? ఎందుకు నాన్నా?"

"సర్వేయరు తప్పు కొలిచాడంటే ఈ కాలనీ ఉన్నన్నాళ్ళూ చెప్పుకుంటారు తల్లీ. నువ్వంటావా... చిన్నపిల్లవి. మరిచిపోతావనుకున్నాను."