దర్జీ కంటికి మూడు నెలల పరీక్ష

మొరాకోలోని ఫెజ్ ఊరి ఆసుపత్రిలో, కంటి ఆపరేషన్ కోసం వచ్చిన ముసలి దర్జీ నర్సు ముందు కూర్చున్నాడు.

"హాజీ, ఆపరేషన్ వాయిదా పడింది. చక్కెర పరీక్షలో ఏడు ఉండాల్సిన చోట పదకొండు ఉంది."

"మూడు రోజులుగా తీపి ముట్టలేదమ్మా."

"ఈ హెచ్‌బీఏ1సీ పరీక్ష మూడు రోజులది కాదు. మూడు నెలలు నెత్తురుకు పట్టిన చక్కెర సగటు."

"అందులో రంజాన్ కూడా ఉందిగా. నెలంతా ఉపవాసమున్నాను."

"పొద్దుగూకాక?"

"తేనెలో ముంచిన షెబాకియా మిఠాయి. ఎవరింటికెళ్ళినా చక్కెర దండిగా వేసిన పుదీనా టీ. వద్దంటే వాళ్ళకి అవమానం."

"పగటి ఉపవాసం దేవుడు చూశాడు. పొద్దుగూకాక తిన్నది ఈ పరీక్ష చూసింది."

"సూదిలో దారం ఎక్కించలేకపోతున్నానమ్మా."

"చక్కెర తగ్గించుకుని మూడు నెలలకి రండి."

"అప్పటిదాకా దారం ఎవరెక్కిస్తారు?"

"టీ పోసినవాళ్ళని అడగండి."