దేవకృప గారు చెరిపేసిన వంపు

1975 జూన్ పదహారో తేదీన సికింద్రాబాద్‌లోని మా కళాశాలలో ఉపన్యాసకురాలిగా చేరిన శ్రీమతి దేవకృప గారు ఈ నెలాఖరున శరీరధర్మ శాస్త్ర విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు.

తిరుమలగిరి నుంచి బస్సులో వచ్చి, ప్రార్థన చేసుకుని గాని ప్రయోగశాల తాళం తీయని ఆమె, తొలి పదేళ్లు బోధనకే అంకితమయ్యారు. అటుపై నత్తల నాడీకణాలను అధ్యయనం చేశారు. లయగా స్పందించే కణానికి చిన్న తాకిడి ఇస్తే, అది తగిలిన క్షణాన్ని బట్టి తర్వాతి స్పందన త్వరగానో ఆలస్యంగానో వస్తుంది. ఆ తేడాలను చూపే వక్రరేఖే ఆమె జీవితకాల కృషి. స్పందన ముగిసిన వెంటనే వచ్చే కొలతలు పరికరపు వణుకని, వాటిని వదిలేయాలని ఆమె నియమం పెట్టారు. అలా గీసిన రేఖ ప్రకారం, పరస్పరం ప్రేరేపించుకునే రెండు కణాలు కలిసి స్పందించకూడదు.

ఒక వర్షాకాలం ఆమె వద్ద పరిశోధన చేస్తున్న సదాశివ గారు పరుగున వచ్చారు.

"మేడమ్, రెండు కణాలు సుత ఒక్కసారే కొడుతున్నయి. జెర మీరే సూడుండ్రి."

"కణాల్లో గుచ్చిన నీ సూదులు ఒకదానికొకటి తగులుతున్నాయయ్యా. గుడి గంటా చర్చి గంటా ఒకేసారి మోగాయంటే నమ్మాలా?"

"మోగితే ఏం జేయాలె, మేడమ్?"

ప్రయోగశాలలో అందరూ నవ్వారు. ఆమె మాత్రం ఆయన సిద్ధాంత గ్రంథంపై సంతకం ఆపేశారు. ఆ ఆలస్యంతో ఆయనకు రావలసిన ఉద్యోగం చేజారింది.

తర్వాత ఆమే స్వయంగా సూదులు మార్చి చూశారు. కణాలు మళ్లీ కలిసే స్పందించాయి. వదిలేసిన కొలతలను తిరిగి చేర్చగా, రేఖ మొదట్లో కిందికి ఒక వంపు కనిపించింది. వెనకున్న కణం తాకినప్పుడు, ముందు స్పందించినది ఆ వంపు వల్ల కాస్త ఆగుతుంది. ముందున్నది తాకినప్పుడు వెనకున్నది త్వరపడుతుంది. రెండూ కలిసేది అందుకే.

మరునాడు టీ వేళ ఆమె తలెత్తలేదు. "ఆ వంపు నేనే చెరిపాను, సదాశివా. అందరి ముందు నిన్నన్నాను, అందరి ముందే చెబుతున్నాను."

"గయన్నీ ఇప్పుడెందుకు, మేడమ్? టీ సల్లారుతున్నది."

ఆమె టీ తాగలేకపోయారు. ఆ సాయంత్రమే సంతకం చేశారు గాని, పోయిన ఉద్యోగాన్ని తెచ్చి ఇవ్వలేకపోయారు. "ఇది రాయకపోతే ఈ వీడ్కోలు సంచికలో నా పేరూ వద్దు" అని మొన్న కూడా కళ్లు దించుకునే అన్నారు. నత్త కణానికి ఆగడం నేర్పిన దేవుడు మనిషికి దాన్నెందుకింత కష్టం చేశాడో!

రెండేళ్లకు మా కళాశాలకే ఉపన్యాసకులుగా వచ్చిన సదాశివ గారు, వచ్చే నెల ఆమె స్థానంలో కూర్చోబోతూ, ఆమె కుర్చీని అక్కడే ఉంచి తనకు వేరొకటి తెప్పించుకున్నారు. దేవకృప గారికి భగవంతుడు నిండు ఆరోగ్యాన్నీ దీర్ఘాయుష్షునూ ప్రసాదించుగాక. అప్పుడప్పుడూ వచ్చి ఆ కుర్చీలో కూర్చుని, తలెత్తుకుని, టీ చల్లారకముందే తాగుదురుగాక.