గంగాళం మాత్రమే

హలో… ఆ, నేనే. ఏమైంది మే సౌమ్యా? పొద్దున్నించీ చేస్తాంటే ఎత్తవే! పెనుకొండ దారిలో బస్సు పల్టీ కొట్టినట్టు ఒకటే కళ్ల ముందర…

…మీటింగా? ఆదివారం ఏం మీటింగే?

…ఓ, ఆ ఊరికే ఇచ్చేసే పనా. అందరూ కలిసి చేసి, ఎవరన్నా తీసుకోండని వదిలేస్తారే, అది. తేదీ చూపించే పెట్టె. తెలుగులో, కన్నడంలో, ఉర్దూలో… ఎవరి యాప్‌లో వాళ్లు అతికించుకునేది. చూసినావా, అంతా గుర్తుండాది నాకు.

అయినా మే, రేపు దాంట్లో తేదీ తప్పొచ్చి ఎవరిదో పెండ్లి ఆగిపోతే? పోలీసులు వచ్చి పట్టుకునేది నిన్నే కదా?

…నవ్వు, నవ్వు.

…ఏం రాయల్ల? హద్దా? దాంట్లో ఏముండల్ల, ఏముండగూడదు అనా… ఈ సాయంత్రానికే?

మరి రాహుకాలం పెడ్తాండావు కదా? …ఎందుకు పెట్టవు! పోనీ, అమావాస్య? …కొళాయి నీళ్లొచ్చే రోజన్నా పెట్టు మే, మీ అవ్వ దీవిస్తాది.

…ఎవరూ, హిందూపురం అమర్‌నాథా? అతనూ ఇదే అడుగుతాండాడా, పంచాంగమంతా పెట్టల్లని? బుద్ధిమంతుడు!

…ఓ. కన్నడం చేసేది అతనొక్కడేనా. తేదీ మాత్రమే అంటే కోపమొచ్చి పోతాడేమోనని… అతను పోతే కన్నడం ఆగిపోతాది. …అన్నిటికీ ఊ అంటే? …ఎప్పటికీ ముగియదు. ఊ.

భయపడేది నా పని కదే, నువ్వెప్పుడు నేర్చుకున్యావు?

ఉండు, ఎవరో తలుపు కొడ్తాండారు.

— రా వరలక్ష్మీ, రా.

…పక్కింటి వరలక్ష్మి మే. వాళ్ల కోడలికి శ్రీమంతమంట, వీధి గంగాళానికి వచ్చింది.

— ఆడ మూలకుండాది, తీసుకో. గరిటెలూనా? తీసుకో తల్లీ… జంపఖానా కూడానా… గ్యాస్ పొయ్యా?

…మెల్లగా మాట్లాడు, వినబడ్తాది! …ఔ, వీధి అంతా కలిసి కొని మనింట్లో పెట్టింది గంగాళం, గరిటెలే. తక్కినవన్నీ నేను తగిలించుకున్నవే. …నిజమే లే. పోయిన తూరి పొయ్యి ఇచ్చేసి, మీ నాయన బొరుగులు తిని పండుకున్యాడు.

…పందెమా? నేను లేదంటే, నువ్వూ ఆ పిల్లోనికి లేదని రాస్తావా?

…నా వల్ల గాదు. వచ్చినప్పటినుంచీ ఈ వీధిలో ఎవరికీ లేదనలేదు. రేపు మనకేమన్నా అయితే ఎవరొస్తారు మే?

…నేను పిరికిదాన్నా? ఈ నోరు నీకు యాడినుంచి వచ్చిందే!

— వరలక్ష్మీ… గంగాళం అందరిదీ, తీసుకపో. గరిటెలూ తీసుకపో. పొయ్యి మాత్రం… ఇయ్యలేను తల్లీ. జంపఖానా కూడా.

…అనేసినా మే. నువ్వూ పంపినావా? …పంపేసినావా!

…ఈమె… అట్లే నిలబడింది. అతను? …చూసినాడా? అయిపోయింది. నీ కన్నడం పోయె. నా పాడె పట్టను గూడా రారు ఈ వీధోళ్లు.

…నవ్వద్దు మే!

…ఇంకా నిలబడే ఉండాది. గంగాళాన్నే చూస్తాంది.

………

— ఏమంటివి వరలక్ష్మీ? …ఆ?

…సౌమ్యా, విన్యావా! వాళ్లింట్లో పొయ్యి ఉండాదంట! జంపఖానా గూడా ఉండాదంట! అడక్కపోతే అక్క నొచ్చుకుంటాదేమోనని ఇన్ని దినాలూ అడుగుతాందంట! చూడు, ఎట్ల నవ్వుతాందో.

నీ అమర్‌నాథ్? …ఇంకా రాయలేదా.

………

హలో? ఉండావా?

…ఏమే అరుస్తావు! గుండె ఆగిపాయె నాకు. …రాసినాడా? ఏమని?

…"అమ్మయ్య" అనా? …కన్నడం అట్లే చేస్తాడంటనా? మరి పంచాంగం పంచాంగం అని మీ ప్రాణం తీసిందెందుకు?

…వాళ్లమ్మనా! వాళ్లమ్మ పెట్టమనిందా!

…ఇంగ చాలు, నవ్వింది చాలు. ఆయమ్మ నంబరు ఇయ్యి మే. …ఎందుకేమి? రాహుకాలం లేకుండానే ఇస్తాండారని తెలిస్తే, పాపం, ఎంత భయపడ్తాదో ఏమో. నేను ధైర్యం చెప్తా.

పెట్టేస్తాండా. గంగాళానికి రెండో చెయ్యి పట్టల్ల.